దొంగెవరో తెలిసిన కథే కావాలి: కీమో రోజుల్లో చిన్నప్పటి సీరీస్ పుస్తకాలు, ఒక కేస్ స్టడీ

నేను క్యాన్సర్ రోగులతో పనిచేసే సైకాలజిస్టుని. ఈ కేసు రాయడానికి ఇందులోని రోగి అనుమతి ఇచ్చారు, రాశాక చదివి ఒకటి రెండు చోట్ల దిద్దారు కూడా (వృత్తి ఆడిటింగ్ మరి, తప్పు కనబడితే ఊరుకోరు). గుర్తుపట్టే వివరాలు మార్చాను. చదివిన సీరీస్ పేరు కూడా చెప్పను, చెబితే మనిషి దొరికిపోతారు. పిల్లల డిటెక్టివ్ కథలు, ఇరవై పైచిలుకు భాగాలు, ఒక్కోటి 150 పేజీల లోపు, అంతవరకు తెలిస్తే చాలు.

నలభై దాటిన వయసు. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్‌కి ముందే కీమో ఇవ్వాలని నిర్ణయించారు: మొదట డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి మూడు వారాలకోసారి 4 సైకిళ్ళు, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ వారం వారం 12 సార్లు. రెండో సైకిల్ అయ్యాక నా దగ్గరికి పంపారు. రిఫరల్ కాగితం మీద ఉన్నది నిద్రలేమి, టెన్షన్, కీమో రోజు దగ్గర పడుతుంటేనే వికారం. ఆవిడ కూర్చుని ముందు చెప్పింది మాత్రం వీటిలో ఏదీ కాదు.

"మేడమ్, నాకు చదవడం పోయింది."

పగలంతా లెక్కల పుస్తకాలు, ఒప్పంద పత్రాలు, రాత్రి నవలలు. అలా బతికిన మనిషి. ఇప్పుడు ఒక పేరా మూడుసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు, రెండో పేజీకి వచ్చేసరికి ఈ పాత్ర ఎవరో గుర్తుండటం లేదు, వెనక్కి వెళ్ళి వెతుక్కునే ఓపిక లేదు. జుట్టు ఊడినందుకు ఏడవలేదట, సగం చదివిన నవల మూసి పక్కన పెట్టిన రోజు ఏడ్చారట. కీమో తీసుకునే చాలామందిలో ఈ మందగింపు ఉంటుంది, ఆంకాలజీలో, అంటే క్యాన్సర్ వైద్యంలో, దానికి పేరుంది, ఎక్కువమందిలో క్రమంగా తగ్గుతుంది కూడా. కానీ అది విని ఊరట పొందే స్థితిలో ఆవిడ లేరు.

చూడటానికి వచ్చినవాళ్ళు ఊరికే రారు కదా, పుస్తకాలు తెస్తారు. ఆవిడ టేబుల్ మీద క్యాన్సర్‌ని జయించినవాళ్ళ ఆత్మకథలు, ధైర్యం నూరిపోసే పుస్తకాలు దొంతరగా పేరుకున్నాయి. ఇక్కడ నా కోపం కాస్త వెళ్ళగక్కుతాను. జబ్బు చేసిన మనిషికి అదే జబ్బు గురించిన పుస్తకం ఇవ్వడం వెనక ప్రేమ ఉంది, కాదనను. కానీ అందులో ప్రతి పేజీ "నువ్వు కూడా ఇలాగే ధైర్యంగా ఉండాలి" అని ఒక పని అప్పజెబుతుంది, అసలే లేవలేని మనిషికి అదొక అదనపు బరువు. పుస్తకంతో చికిత్స అనే ఆలోచనకి "బిబ్లియోథెరపీ" అని పేరు వచ్చింది 1916లో, శామ్యూల్ క్రోథర్స్ అనే ఆయన అట్లాంటిక్ మంత్లీ పత్రికలో రాసిన వ్యాసంతో. తమాషా ఏమిటంటే ఆ వ్యాసం సగం వేళాకోళం. జబ్బుకి తగ్గ మందు రాసినట్టు సమస్యకి తగ్గ పుస్తకం రాసివ్వడాన్ని ఆయన నవ్వుతూ ఊహిస్తే, తర్వాతివాళ్ళు దాన్ని బొత్తిగా సీరియస్‌గా తీసుకున్నారు.

మొదటి రోజే ఆందోళన, డిప్రెషన్ ఎంతున్నాయో కొలిచే హాడ్స్ ప్రశ్నావళి ఇచ్చాను. 1983లో జిగ్మండ్, స్నెయిత్ తయారుచేసింది, 14 ప్రశ్నలే. ఆకలి, నీరసం లాంటి ఒంటి లక్షణాల జోలికి పెద్దగా పోదు కాబట్టి, జబ్బు వల్ల వచ్చిన నీరసాన్ని డిప్రెషన్‌గా లెక్కగట్టే ప్రమాదం తక్కువ. ఆవిడకి ఆందోళన 14, డిప్రెషన్ 9 వచ్చాయి. ఒక్కో వైపు గరిష్ఠం 21, 11, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిందే, 8 నుంచి 10 మధ్యది గట్టు మీద ఉన్నట్టు. రాత్రులు మరీ ఘోరం. వాంతులు రాకుండా కీమో రోజూ, ఆ తర్వాత రెండు మూడు రోజులూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, అది నిద్ర పట్టనివ్వదు. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ పట్టుకుని, తన రకం క్యాన్సర్‌లో ఐదేళ్ళు బతికేది ఎంతమంది అని వెతకడం. ఒక్కో సైట్‌లో ఒక్కో అంకె. అంకెలు సరిపోలకపోతే వదలలేని వృత్తి ఆవిడది, అక్కడికి బాగా కుదిరింది!

రెండోసారి వచ్చినప్పుడు, వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగారు. "ఇంకోటి ఉంది మేడమ్, నవ్వకూడదు." వాళ్ళ అన్నయ్య పాత ఇల్లు సర్దుతూ చిన్నప్పటి పుస్తకాల పెట్టె పంపారట. చేతికందినది తెరిస్తే, చదవగలిగారు. అధ్యాయం మొత్తం, ఆగకుండా. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ అమ్మాయి కనిపెట్టి అడిగేసిందట: "దొంగెవరో నీకు తెలుసుగా అమ్మా, మళ్ళీ ఎందుకు?"

ఆ పిల్ల అడిగిన ప్రశ్నే ఈ కేసులో నా ప్రశ్న కూడా అయింది. వచ్చేసారి ఒక భాగం తెమ్మన్నాను.

తెచ్చారు. అట్ట చివరలు నలిగి దూదిలా అయిపోయాయి, లోపలి పేజీలో పేరు, తరగతి, సెక్షన్. ఎనభై ఎన్నో పేజీలో ఒక పాత్ర పేరు కింద పెన్సిల్‌తో గీత, పక్కన బాణం గుర్తు, వంకర అక్షరాలతో "వీడే". అన్నయ్య పని. ఆవిడ కంటే ముందు చదివేసి ప్రతి పుస్తకంలోనూ దొంగ పేరు కింద అలా గీసి ఇచ్చేవాడట, అప్పట్లో ఇంట్లో పెద్ద యుద్ధాలే జరిగాయట దీని మీద. "ఇప్పుడు ఆ గీత రాగానే హాయిగా ఉంటోంది. ఇతను దొంగ, పట్టుబడతాడు, నాకు తెలుసు. ఇంకెందులోనూ నాకు ఏం జరగబోతోందో తెలియదు మేడమ్" అన్నారు.

దీన్ని బాల్యం మీద బెంగ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది, నా మటుకు నాకు అది చాలా చిన్న భాగం. అసలు సంగతి బుర్ర మీద పడే బరువు. కథ చదవడమంటే అక్షరాలు చూడటం కాదు కదా, ఎవరు ఎవరు, ఎక్కడున్నారు, ఇంతకుముందు ఏం జరిగింది, ఇదంతా మనసులో ఒక నమూనాగా కట్టుకుంటూ, వాక్యం వాక్యానికీ దాన్ని సవరించుకుంటూ పోవడం. కించ్, వాన్ డైక్ అనే ఇద్దరు పరిశోధకులు 1978 నుంచి 1983 మధ్య దీన్ని వివరంగా రాశారు. కొత్త నవలకి ఆ నమూనా మొత్తం అప్పటికప్పుడు కట్టాలి. అలసిపోయిన జ్ఞాపకశక్తికి అది మోయలేని పని. చిన్నప్పుడు పదే పదే చదివిన కథకైతే ఆ నమూనా ఎప్పుడో కట్టేసి ఉంది, పేజీ దాన్ని కదిలిస్తే చాలు. అందుకే ఆవిడకి నవల తలకెక్కలేదు, ఇది ఎక్కింది. అంటే చదవడం పోలేదు, బరువు మోయడం తాత్కాలికంగా తగ్గింది. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ ముఖంలో వచ్చిన తేడా, అంతకుముందు నేను చెప్పిన ఏ ఓదార్పు మాటకీ రాలేదు.

సీరీస్ కావడం ఇంకా పెద్ద లాభం. అవే పాత్రలు, అదే తీరు, ఇంచుమించు అదే పేజీలో అదే మలుపు, కాబట్టి ఒక భాగం మరిచిపోయినా మిగతా వాటి మూస సాయపడుతుంది. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ నడిపిన సంస్థ కథ ప్లాన్ ముందే రాసి, డబ్బిచ్చి వేరేవాళ్ళతో రాయించి, ఒక్కో సీరీస్‌లోని పుస్తకాలన్నిటినీ ఒకే కలం పేరుతో అచ్చేసేది. 1930లో మొదలైన నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ పుస్తకాలు అలా వచ్చినవే. సాహిత్యం తెలిసినవాళ్ళు ముక్కు విరిచే మూసే ఇది. కానీ జబ్బు మంచం మీద ఆ మూస ఒక సుగుణం.

ముగింపు ముందే తెలిస్తే మజా పోతుందన్న నమ్మకం మీద ఒక ప్రయోగం ఉంది. 2011లో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు ముగింపు ముందే చెప్పేసి చిన్న కథలు చదివిస్తే, సగటున పాఠకులు వాటినే కాస్త ఎక్కువ ఇష్టపడ్డారు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని దీనికి ఎదురు కూడా తేల్చాయి, అందుకని ఇదే రుజువు అని బల్ల గుద్ది చెప్పను. ఆరోగ్యవంతుల ఇష్టాయిష్టాల లెక్క వేరు, స్కాన్ రిపోర్టు కోసం ఎదురుచూసే మనిషి లెక్క వేరు.

ఇక కేసులో అసలు మెలిక. పెట్టెలో మొదటి భాగం కూడా ఉంది, ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైనది. రెండో సైకిల్ రోజు, తోడుగా ఉంటుందని దాన్ని డ్రిప్ కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం విపరీతంగా వాంతులు. వారం తర్వాత ఇంట్లో అదే పుస్తకం తెరిస్తే పాత కాగితం వాసనకి కడుపులో తిప్పింది. నా దగ్గరికి తెచ్చినప్పుడు కూడా ప్లాస్టిక్ సంచీలో పెట్టి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని ఇచ్చారు.

కీమోలో ఇది బాగా తెలిసిన విషయమే. 1978లో ఐలీన్ బెర్న్‌స్టీన్ ఒక ప్రయోగం చేశారు: కీమోకి ముందు పిల్లలకి కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెడితే, తర్వాత వాళ్ళలో చాలామంది ఆ రుచిని వద్దన్నారు. వికారానికి కారణం మందు అని బుద్ధికి తెలుసు, శరీరం మాత్రం పక్కనున్న దాని మీద నేరం మోపుతుంది. రుచి, వాసనల విషయంలో మరీను. ఆ తర్వాత బెర్న్‌స్టీనే సహచరులతో కలిసి దీనికో ఉపాయం కూడా పరీక్షించారు. భోజనానికీ మందుకీ మధ్య ఘాటైన రుచి ఉన్న మిఠాయి ఏదైనా ఇస్తే, నింద దాని మీద పడి, మామూలు ఆహారం కొంతవరకు తప్పించుకుంటుంది.

మేము చేసింది ఆ ఉపాయాన్నే పుస్తకాలకి మార్చుకోవడం. ఆస్పత్రికి సీరీస్ పుస్తకం ఒక్కటి కూడా వెళ్ళకూడదు. డ్రిప్ కుర్చీకి వేరే సరుకు: ఆవిడకి ఇష్టమూ అయిష్టమూ లేని పదకేళి పుస్తకం, పోతే పోయిందనుకునేది. ఇంటికొచ్చాక కూడా వికారం ఉన్న గంటల్లో సీరీస్ ముట్టుకోకూడదు, తగ్గాకే. మొదట ఇది ఆవిడకి నచ్చలేదు. భయమేసే చోటే కదా నాకు అవి కావాల్సింది అన్నారు, న్యాయమైన మాటే. కానీ ఇంకా రెండు సైకిళ్ళు ఉన్నాయి, పెట్టెలో ఉన్నవి అయిపోతే మళ్ళీ దొరకవు. వాటిని జబ్బు నుంచి కాపాడుకుంటేనే అవి మిమ్మల్ని కాపాడతాయి అని చెప్పి ఒప్పించాను.

కీమోకి ముందే వచ్చే వికారానికి విడిగా పనిచేశాం. అది ఒకసారి పట్టుకుందంటే మామూలు వాంతి మందులకి సరిగా లొంగదు. శరీరాన్ని వదులు చేసుకుంటూ, ఆస్పత్రి దారి, గేటు, ఆ గది వాసన, ఇలా ఒక్కో మెట్టూ ఊహించుకుంటూ పోయే పద్ధతి ఉంది, 1982లోనే మారో, మారెల్ కీమో రోగుల్లో దాని ఫలితాలు ప్రచురించారు. పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది.

రాత్రుల విషయంలో మార్పు ఇంకా తేలికగా వచ్చింది. స్టెరాయిడ్ రాత్రి నిద్ర రాకపోతే మంచం దిగడం, ఫోన్ వేరే గదిలో వదిలేయడం, కుర్చీలో మసక దీపం కింద ఒక అధ్యాయం, కళ్ళు బరువెక్కితే మంచం, లేకపోతే ఇంకో అధ్యాయం. నిద్రలేమికి వాడే పాత సూత్రమే, మంచాన్ని నిద్రకి మాత్రమే కేటాయించడం. ఇక్కడ చదివిన పుస్తకమే ఎందుకంటే, కొత్త డిటెక్టివ్ కథ "తర్వాత ఏమైంది" అని లాక్కెళ్ళి తెల్లార్చేస్తుంది. ఈ కథల్లోనూ ప్రతి అధ్యాయం ఉత్కంఠ దగ్గరే ఆగుతుంది, కాకపోతే తలుపు వెనక ఉన్నది పక్కింటి తోటమాలి అని ఆవిడకి ముందే తెలుసు. ఏ వాక్యం దగ్గరైనా మూసేయొచ్చు.

మధ్యలో కొత్త ప్రింటు తెప్పిస్తామని ఇంట్లోవాళ్ళు ఉత్సాహపడ్డారు. తెచ్చారు కూడా. పనిచేయలేదు. మాటలు మార్చారు, బొమ్మలు లేవు, ప్రతి తేడా దగ్గరా ఆవిడ ఆగిపోయారు. పిల్లల పుస్తకాలని ఇలా తిరగరాయడం కొత్త కాదు, నాన్సీ డ్రూ పాత భాగాల్ని 1959 నుంచి కుదించి తిరగరాశారు, 25 అధ్యాయాలున్నవి 20 అయ్యాయి. మామూలు పాఠకుడికి అది చిన్న విషయం, మనకి కావాల్సింది మాత్రం గుర్తున్న వాక్యం గుర్తున్న చోట ఉండటం. పాత ప్రతే కావాలి. అయితే పాత ప్రతితో ఒక జాగ్రత్త: తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో దుమ్ము, బూజు మంచివి కావు. పెట్టె తెరిచి దులిపే పని ఇంట్లో వేరేవాళ్ళు బయట చేయాలి, బూజు పట్టిన ప్రతి ఎంత ఇష్టమైనా రోగి చేతికి ఇవ్వకూడదు. నర్సుని అడిగితే ఏ రోజులు జాగ్రత్తో చెబుతారు.

ఇది ఓదార్పా, తప్పించుకోవడమా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. మూడో సైకిల్ తర్వాత ఒకసారి ఆవిడ పుస్తకం తెరిచినప్పుడు పేజీ గుర్తుకి పెట్టుకున్న కాగితం నా కంట పడింది. నాలుగు మడతలు వేసి ఉంది. విప్పమంటే, సర్జన్ ఇచ్చిన సమాచార పత్రం. గడ్డ వరకే తీయించుకోవాలా, మొత్తం రొమ్ము తీయించుకోవాలా, ఏ దారికి ఏ లాభనష్టాలు, అదంతా అందులో ఉంది. నెల నుంచి అది దొంగల కథలో పేజీ గుర్తుగా ప్రయాణం చేస్తోంది, ఒక్క లైను చదవలేదు. తిట్టలేదు, పుస్తకం మాన్పించలేదు. కొలమానం ఒకటే పెట్టుకున్నాం: పుస్తకం మూశాక చేయాల్సిన పని కొంచెమైనా చేయగలుగుతున్నారా, లేక పుస్తకం మూయడమే మానేస్తున్నారా? ఆ పత్రంలో సగం పేజీ చదివి, సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటి రాసి, అప్పుడు అధ్యాయం. పని ముందు, కథ తర్వాత. చివరికి ఆవిడ సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళిన ప్రశ్నల పట్టిక చూస్తే అది ఆడిట్ అభ్యంతరాల జాబితాలా ఉంది.

పాక్లిటాక్సెల్ మొదలయ్యాక వికారం బాగా తగ్గింది, కొత్త తిప్పలు వచ్చాయి. వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. ఈ మందుతో నరాలు దెబ్బతిని అలా అవుతుంది, ముందుగా ఆంకాలజిస్టుకి చెప్పాలి, అవసరమైతే డోసు మారుస్తారు. చెప్పారు. ఆలోపు పెళుసుబారిన పేజీలు తిప్పడమే గండమైంది, ఒకేసారి మూడు తిరిగిపోవడం, అంచు చిరగడం. దారి ఆవిడే కనిపెట్టారు: ఆఫీసులో వోచర్లు లెక్కపెట్టడానికి వాడే రబ్బరు వేలి తొడుగు.

చదవడంలో మెట్లు ఎక్కడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. ఎప్పటికీ తెలిసిన కథల్లోనే ఉండిపోవడం ఉద్దేశం కాదు. సీరీస్ చివర్లో ఆవిడ చిన్నప్పుడు దొరకక చదవని భాగాలు కొన్ని ఉన్నాయి. పాత్రలు తెలుసు, తీరు తెలుసు, కథ మాత్రం కొత్త. బరువు కొంచెమే పెరుగుతుంది. దాని తర్వాత పెద్దల డిటెక్టివ్ చిన్న కథలు, ఆ తర్వాత నవల. ఏ మెట్టు మీద కాలు జారినా కింది మెట్టుకి రావడం ఓటమి కాదని ముందే అనుకున్నాం. ఆపరేషన్ ముందు వారంలో ఆవిడ నేరుగా అడుగు మెట్టుకి, అన్నయ్య బాణం గుర్తుల దగ్గరికి వచ్చేశారు. అది అందుకే ఉంది.

కీమో అయ్యాక హాడ్స్ మళ్ళీ ఇస్తే ఆందోళన 8, డిప్రెషన్ 8. ఆందోళన బాగా దిగింది, డిప్రెషన్ ఇంచుమించు కదలలేదు. నీరసం ఉంది, పేర్లు మరిచిపోవడం ఉంది. దిగిన ఆందోళన కూడా పుస్తకాల పుణ్యమే అనను. మూడో సైకిల్ నుంచి ఆంకాలజిస్టు వాంతులకి ఓలాంజపిన్ కలిపారు, అది నిద్రకి కూడా పనికొస్తుంది. మధ్యలో స్కాన్‌లో గడ్డ తగ్గినట్టు తేలింది, ఆ ఒక్క వార్తకే ఎంత ఆందోళన దిగుతుందో వేరే చెప్పాలా. ఒక్క కేసులో ఇవన్నీ విడదీయలేం. విడదీయగలిగింది ఒకటుంది: డ్రిప్ కుర్చీకి వెళ్ళిన మొదటి భాగం ఆవిడ ఇప్పటికీ తెరవలేరు, ఇంట్లోనే ఉండిపోయిన మిగతావన్నీ చెక్కుచెదరలేదు. పదకేళి పుస్తకం మాత్రం చూస్తేనే డోకు వస్తుందట, నిక్షేపంగా చెత్తబుట్టలోకి వెళ్ళింది.

ఆ మొదటి భాగానికి కూడా మెట్ల పద్ధతిలో చికిత్స చేద్దామా అని అడిగాను. "వద్దు మేడమ్, అది అన్నయ్య దగ్గరుంటుందిలెండి, ఇంకా ఇరవై ఉన్నాయి" అన్నారు. బలవంతపెట్టలేదు.

ఇప్పుడు కీమో మొదలుపెట్టబోయే ప్రతివాళ్ళనీ నేను ముందే అడుగుతున్నాను, చిన్నప్పుడు మళ్ళీ మళ్ళీ చదివింది ఏమిటి, ప్రతి ఎక్కడుంది అని. చదవని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి పాత రేడియో నాటకాలు, చిన్నప్పటి కార్టూన్ సీరియళ్ళు అదే పని చేస్తాయి. ఏదైనా సరే, మొదటి డోసు కంటే ముందే దాన్ని ఆస్పత్రి సంచీలోంచి తీయిస్తున్నాను. ఈ ప్రశ్నకి కొందరు ముఖం తిప్పుకుంటారు, బాల్యం అందరికీ దాక్కోదగ్గ చోటు కాదు. వాళ్ళని రెండోసారి అడగను, పోయిన ఏడాది చదివి నచ్చిన పుస్తకం ఏదైనా ఉంటే దానితో మొదలుపెడతాం.